స్కాన్ చేసిన రిపోర్టు మీ ఖాతాలోనే పడిందా? దవాఖాన కంప్యూటర్‌లో కాగితం దారి తప్పితే ఏమవుతుంది

మా ఖాలాకు కడుపునొప్పి తగ్గట్లేదని ఈమధ్య ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్ళాం. ఎనిమిదేళ్ళుగా ఆమె అక్కడే చూపించుకుంటోంది. డాక్టర్ గారు సీటీ స్కాన్ రాశారు. కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించి తీయాలన్నారు. స్కానింగ్ గది దగ్గర టెక్నీషియన్ కంప్యూటర్‌లో పాత రికార్డు తెరిచి ఆగిపోయాడు. "అమ్మా, మీ క్రియాటినిన్ 4.1 ఉంది. ఈ మందు ఇవ్వలేం. ముందు కిడ్నీ డాక్టర్‌ను కలిసి రండి" అన్నాడు.

ఖాలా అక్కడే బెంచీ మీద కూలబడిపోయింది. షుగర్ ఉన్న మనిషి, కిడ్నీ మాట వింటేనే భయం. ఎనిమిది నెలల కింద చేయించిన పరీక్షలో అదే క్రియాటినిన్ 0.9 వచ్చింది. ఇంత తొందరగా 4.1 ఎలా అవుతుంది?

ఖాలా కూతురు కాస్త ధైర్యం ఉన్న పిల్ల. ఆ రిపోర్టును స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించమంది. పేరు ఖాలాదే. వయసు మాత్రం 71. మా ఖాలాకు 58. పేరు కింద భర్త పేరు కూడా వేరే. అదే పేరున్న ఇంకొక ఆవిడ రిపోర్టు, స్కాన్ చేసేటప్పుడు మా ఖాలా ఖాతాలో పడింది. ఒక్కటి కాదు, మూడు పేజీలు. టెక్నీషియన్ తప్పేం లేదు. కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషికి ఆ మందు ఇచ్చే ముందు ఆగి ఆలోచించడం అతని డ్యూటీ. అతను చూసిన కాగితమే వేరే మనిషిది.

ఆ తర్వాత రికార్డు రూమ్‌లో పనిచేసేవాళ్ళతో, దవాఖాన సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ళతో కూర్చుని ఈ పని ఎలా జరుగుతుందో అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు చిన్న దవాఖానల్లో కూడా "మీ పాత ఫైల్ ఇవ్వండి, కంప్యూటర్‌లో ఎక్కిస్తాం" అంటున్నారు. మంచిదే. కానీ ఎక్కించడం అంటే రెండు పనులని చాలామందికి తెలియదు. కాగితాన్ని ఫొటో తీయడం ఒక పని. ఆ ఫొటోను సరైన మనిషికి, సరైన తేదీకి, సరైన విజిట్‌కు కలపడం రెండో పని. మొదటిది మెషిన్ చేస్తుంది. రెండోది మాత్రం చాలాచోట్ల ఇంకా మనిషే చేస్తాడు, అదీ వెనక క్యూ నిలబడి ఉండగా.

స్కాన్ చేయడం వేరు, జత చేయడం వేరు

నేను చదివింది బీకాం. నాకు అర్థమైన భాషలో చెప్తాను. దవాఖాన సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పేషెంట్‌కు ఒక లెడ్జర్ ఖాతా ఉన్నట్టు అనుకోండి. ఆ ఖాతా నంబరునే యూహెచ్‌ఐడీ అంటారు, కొన్నిచోట్ల ఎంఆర్ నంబర్ అంటారు. మీ ఓపీ చిట్టీ మీద పైన ఒక మూలన ఉంటుంది. మీరు వచ్చిన ప్రతిసారీ ఆ ఖాతా కింద ఒక విజిట్ తెరుచుకుంటుంది. స్కాన్ చేసిన రిపోర్టు అంటే వోచర్ లాంటిది. వోచర్ ఎంత శుభ్రంగా ఉన్నా, వేరేవాళ్ళ ఖాతాలో పోస్ట్ చేస్తే లెక్క తప్పుతుంది. అదీ ఒక ఖాతాలో కాదు, రెండు ఖాతాల్లో తప్పుతుంది.

స్కానర్ నుంచి వచ్చిన ఫైల్ మామూలుగా సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో కూర్చుంటుంది. డేటాబేస్‌లో దాని గురించి ఒక చిన్న ఎంట్రీ ఉంటుంది. ఈ ఫైల్ ఎవరిది, ఏ రకం కాగితం, ఏ తేదీది, ఏ విజిట్‌కు సంబంధించింది, ఎవరు ఎక్కించారు, ఫైల్ ఎక్కడ ఉంది అని. డాక్టర్ మీ పేరు తెరిచినప్పుడు కంప్యూటర్ ఆ కాగితంలో ఏముందో చదవదు. ఈ ఎంట్రీని చూసి ఫైల్ తెచ్చి చూపిస్తుంది, అంతే. కాగితం మీద ఇంకో ఆవిడ వయసు, ఇంకో ఆవిడ భర్త పేరు ఉన్నా దానికి పట్టదు. ఎంట్రీలో మీ నంబర్ ఉంటే అది మీ కాగితమే.

ఆరోగ్య సమాచారం ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పంపుకోడానికి ప్రపంచమంతా ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పద్ధతి ఎఫ్‌హెచ్‌ఐఆర్. పలకడం మాత్రం "ఫైర్" అనే పలుకుతారు. అందులో స్కాన్ కాగితాలకు డాక్యుమెంట్ రిఫరెన్స్ అని ప్రత్యేకంగా ఒక అర ఉంది. పేషెంట్ ఎవరు, కాగితం రకం ఏంటి, తేదీ, రాసింది ఎవరు, ఏ విజిట్‌ది, అసలు ఫైల్ ఎక్కడ అని గడులు ఉంటాయి. మన దేశంలో నడుస్తున్న డిజిటల్ హెల్త్ మిషన్ కూడా ఈ పద్ధతినే తీసుకుంది. బాహ్మ్ని అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీ అనే ఊళ్ళోని దవాఖాన అవసరాల కోసం మొదలై తర్వాత వేరే దేశాలకు కూడా వెళ్ళింది. అందులో పేషెంట్ డాక్యుమెంట్స్ అని విడిగా ఒక భాగమే పెట్టారు. ముందు పేషెంట్‌ను తెరవాలి, తర్వాత విజిట్‌ను ఎంచుకోవాలి, అప్పుడే కాగితం ఎక్కించాలి. ఈ వరుస ముఖ్యం. చాలాచోట్ల ఉల్టా జరుగుతుంది. పొద్దున ఒక కట్ట మొత్తం స్కాన్ చేసేస్తారు, సాయంత్రం కూర్చుని "ఇది ఎవరిది, అది ఎవరిది" అని పేరు వెతికి కలుపుతారు. మా ఖాలా విషయంలో జరిగింది ఇదే.

మంచి దవాఖానల్లో దీనికి బార్‌కోడ్ వాడతారు. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనే యూహెచ్‌ఐడీ ఉన్న స్టిక్కర్లు తీసి ప్రతి కాగితం మీద అంటిస్తారు, లేదా మీ కట్ట పైన ఒక బార్‌కోడ్ షీట్ పెడతారు. స్కానర్ ఆ కోడ్ చదివి కింద ఉన్న పేజీలన్నీ అదే ఖాతాలో వేస్తుంది. మధ్యలో మనిషి పేరు వెతకడం ఉండదు. కోడ్ సరిగ్గా చదవలేని పేజీలు మాత్రం విడిగా ఒక క్యూలో ఆగుతాయి. అకౌంట్స్‌లో ఎక్కడ వేయాలో తెలియని ఎంట్రీని సస్పెన్స్ ఖాతాలో పెడతాం చూడండి, అలా. తెలియని కాగితాన్ని ఆపి ఉంచడమే సరైన పని. అంచనాతో ఎవరో ఒకరి ఖాతాలో వేయడం కాదు. ఇది చెప్పినప్పుడు రికార్డు రూమ్ ఉద్యోగి ఒకాయన నవ్వి, "సస్పెన్స్‌లో ఎక్కువ పెడితే పెండింగ్ ఎందుకుందని పైవాళ్ళు మమ్మల్నే అడుగుతారు" అన్నాడు. ఆయన మాటలో కూడా నిజం ఉంది.

ఇంకో తప్పు ఉంది, అది కంటికి కనిపించదు. తేదీ. కాగితం రాసిన తేదీ ఒకటి, స్కాన్ చేసిన తేదీ ఇంకొకటి. ఆపరేటర్ తేదీ గడి ఖాళీగా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఈరోజు తేదీ వేసుకుంటుంది. అప్పుడు 2017 నాటి షుగర్ రిపోర్టు లిస్టులో అన్నిటికన్నా పైన, కొత్త రిపోర్టులా కూర్చుంటుంది. తొందరలో ఉన్న డాక్టర్ మొదట చూసేది పైన ఉన్నదాన్నే.

మా ఖాలా ఫైల్‌లో అయితే ఇంకా ఘోరం. ఎనిమిదేళ్ళ కాగితాలు 64 పేజీలు ఒకే పీడీఎఫ్‌గా చేసి "ఓల్డ్ రికార్డ్స్" అని పేరు పెట్టారు. ఒక యాంటీబయాటిక్ పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని 2019 డిశ్చార్జ్ సమ్మరీలో రాసి ఉంది. అది ఆ కట్టలో 37వ పేజీ. ఓపీలో కూర్చున్న ఏ డాక్టర్ 37 పేజీలు తిప్పుతాడు? స్కాన్ కాగితం ఒక బొమ్మ. బొమ్మలో రాసిన మాటను కంప్యూటర్ అలర్జీగా గుర్తించదు. మందు రాసేటప్పుడు ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రావాలంటే ఆ అలర్జీని ఎవరైనా టైప్ చేసి అలర్జీ గడిలో పెట్టాలి. ప్రింట్ చేసిన రిపోర్టు అయితే ఓసీఆర్ అనే పద్ధతితో మెషిన్ అక్షరాలు చదవగలదు. డాక్టర్ చేతిరాత దగ్గరకు వచ్చేసరికి దాన్ని నమ్ముకోలేం. మెడికల్ షాపు భాయ్ చదివినట్టు కంప్యూటర్ చదవదు.

మన పేర్లతో వచ్చే చిక్కు

ఇది అందరికీ ఉండే సమస్యే, కానీ మన కాలనీల్లో ఎక్కువ. పాతబస్తీలో ఏ గల్లీకి వెళ్ళినా ఒకే పేరున్నవాళ్ళు నలుగురు దొరుకుతారు. మొహమ్మద్ అనే ఒక్క పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో లెక్కలేదు. ఆధార్‌లో పూర్తిగా, రేషన్ కార్డులో "ఎండీ" అని రెండక్షరాలు, స్కూల్ మెమోలో "మొహెచ్‌డీ" అని నాలుగక్షరాలు. ఆడవాళ్ళకు ఒక కార్డులో బేగం, ఇంకో కార్డులో బీ, మూడో దానిలో ఏదీ ఉండదు. ఖాజా రాసేటప్పుడు కొందరు మధ్యలో డబ్ల్యూ పెడతారు, కొందరు పెట్టరు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనలో తక్కువ కాబట్టి ఆ ఆధారం కూడా ఉండదు.

పేరు వెతికే సాఫ్ట్‌వేర్లలో స్పెల్లింగ్ తేడాలను పట్టుకోడానికి కొన్ని పద్ధతులు ఉన్నాయి. వాటిలో పాతది సౌండెక్స్. 1918లో అమెరికాలో పేటెంట్ అయింది. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, ఒకేలా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. దాని లెక్క ప్రకారం మొహమ్మద్, ముహమ్మద్, మొహమెద్, ఎలా రాసినా కోడ్ ఎం530 వస్తుంది. బాగానే ఉంది. కానీ "మొహెచ్‌డీ" అని కుదించి రాస్తే ఎం300 వస్తుంది. అంటే అదే మనిషి, కంప్యూటర్‌కు వేరే మనిషి. దీనికి ఉల్టా, మహమూద్ అనే వేరే పేరుకు కూడా ఎం530 వస్తుంది. అంటే వేరే మనిషి, కంప్యూటర్‌కు అదే మనిషి. ఆ పద్ధతిని తయారు చేసినవాళ్ళ కళ్ళ ముందు ఉన్నవి అక్కడి పేర్లు, మన పేర్లు కావు.

దీని ఫలితం రెండు రకాలుగా ఉంటుంది. ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు తెరుచుకుంటాయి. పోయినసారి ఒక స్పెల్లింగ్‌తో, ఈసారి ఇంకో స్పెల్లింగ్‌తో రిజిస్టర్ చేస్తే పాత రిపోర్టులు ఒక నంబర్ కింద, కొత్తవి ఇంకో నంబర్ కింద ఉండిపోతాయి. డాక్టర్‌కు సగం కథే కనిపిస్తుంది. రెండో రకం మా ఖాలాది, ఇద్దరి కాగితాలు ఒక ఖాతాలో కలవడం. రెండిట్లో ఏది ప్రమాదం అంటే నేను రెండోదే అంటాను. సగం కథ ఉంటే డాక్టర్ మళ్ళీ పరీక్ష రాస్తాడు, డబ్బు పోతుంది. వేరేవాళ్ళ కథ ఉంటే డాక్టర్ దాన్ని నిజమని నమ్ముతాడు.

పుట్టినతేదీతో తేల్చుకోవచ్చు కదా అంటారా? మన పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. సంవత్సరం తప్ప మిగతాది పనికిరాదు. ఫోన్ నంబర్? ఇంట్లో ఒకే నంబర్ అందరికీ ఇస్తాం. అమ్మీకి, అబ్బాకు, దాదీకి, పిల్లలకు అన్నిటికీ పెద్దకొడుకు నంబరే. కౌంటర్‌లో ఆ నంబర్ కొడితే ఆరుగురు పేర్లు వస్తాయి. ఆపరేటర్ ఒకటి కింద నొక్కబోయి పైది నొక్కితే అమ్మీ రిపోర్టు దాదీకి పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పేషెంట్ భద్రత గురించి 2007లో ఇచ్చిన సూచనల్లో మనిషిని గుర్తించడానికి కనీసం రెండు ఆధారాలు చూడాలని ఉంది. గది నంబర్ అందులో లెక్కకు రాదు. మన దగ్గర ఆ రెండూ ఏవి ఉండాలి? ఒకటి యూహెచ్‌ఐడీ, రెండోది పూర్తి పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరు. జనవరి 1ని, ఇంటి ఫోన్‌ను నమ్ముకుంటే లాభం లేదు.

గల్ఫ్ రిపోర్టు, యునానీ పర్చీ

సౌదీ నుంచి తిరిగొచ్చినవాళ్ళ కాగితాలతో రికార్డు రూమ్‌కు వచ్చే తిప్పలు వేరు. కొన్ని రిపోర్టుల మీద తేదీ హిజ్రీలో ఉంటుంది. 1445 ముహర్రం అని ఉంటే అది 2023 జులై-ఆగస్టు అని మనకు తెలుసు, ఆపరేటర్‌కు తెలియాలని లేదు. తేదీ గడిలో 1445 కొడితే సాఫ్ట్‌వేర్ తీసుకోదు. ఆయన ఏం చేస్తాడు? ఈరోజు తేదీ వేసి ముందుకు పోతాడు. అలాంటి కాగితం ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు తేదీని పెన్సిల్‌తో పక్కన రాసి ఇవ్వండి. అసలు రాతల మీద మాత్రం రాయొద్దు.

యూనిట్ల సంగతి ఇంకా ముఖ్యం. మన దగ్గర షుగర్‌ను డెసిలీటర్‌కు ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్తారు. గల్ఫ్‌లో చాలా ల్యాబుల్లో లీటర్‌కు మిల్లీమోల్స్‌లో ఇస్తారు. అక్కడి 7 అంటే ఇక్కడి 126. క్రియాటినిన్ కూడా అంతే, అక్కడ 80 అని కనిపిస్తే ఇక్కడ సుమారు 0.9, అంటే మామూలే. రిపోర్టులోంచి అంకె మాత్రమే తీసి టైప్ చేస్తే, ఆ అంకె పక్కన ఏ యూనిట్ ఉందో పోతుంది. అందుకే టైప్ చేసినా సరే, అసలు కాగితం స్కాన్ దానికి జత అయి ఉండాలి. అనుమానం వచ్చిన డాక్టర్ ఒక్క క్లిక్‌తో అసలు కాగితం చూడగలగాలి. స్కాన్ కాగితాల అసలు ఉపయోగం అక్కడుంది.

ఇక యునానీ. చార్మినార్ దగ్గరి నిజామియా దవాఖానకు ఇప్పటికీ మన పెద్దవాళ్ళు ఎంతోమంది వెళ్తారు. హకీమ్ సాబ్ రాసిన ఉర్దూ పర్చీని కార్పొరేట్ దవాఖాన కౌంటర్‌లో ఇస్తే చదివేవాళ్ళు ఉండరు. స్కాన్ చేసినా "అదర్స్" అనే ఫోల్డర్‌లో పడేస్తారు. ఆ ఫోల్డర్ తెరిచే డాక్టర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. కానీ ఆ పర్చీలో కుష్తా లాంటి లోహాలతో చేసే మందు ఉంటే కిడ్నీ డాక్టర్‌కు, లివర్ డాక్టర్‌కు అది తెలియాలి. పర్చీ వెనక మందు పేరును ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ రాసి ఇవ్వండి. ఫలానా నెల నుంచి వాడుతున్నాం అని నోటితో కూడా డాక్టర్‌కు చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆభా నంబర్ ఉంటే అన్నీ వచ్చేస్తాయా

రావు. ఇది చాలామంది అనుకుంటున్న మాట కాబట్టి వివరంగా చెప్పాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా 2021 సెప్టెంబర్ 27న మొదలైంది. నేషనల్ హెల్త్ అథారిటీ నడుపుతోంది. దీని కింద ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. ఇది ఆరోగ్యశ్రీ కార్డు కాదు, ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా కాదు. దీనితో చికిత్స ఉచితం అవదు. తీసుకోవడం కూడా మన ఇష్టం, లేదని చెప్పి వైద్యం ఆపకూడదు.

మీ రికార్డులు ఢిల్లీలో ఒక పెద్ద కంప్యూటర్‌లో ఉండవు. ఏ దవాఖానలో తయారైన రికార్డు ఆ దవాఖాన దగ్గరే ఉంటుంది. ఆభా ఒక దారం లాంటిది, వాటిని ఒకదానికొకటి కలుపుతుంది. మీరు ఒప్పుకుంటేనే ఒకచోటి రికార్డు ఇంకోచోటి డాక్టర్‌కు కనిపిస్తుంది. ఎన్నాళ్ళు కనిపించాలి, ఏ రకం కాగితాలు కనిపించాలి అన్నది కూడా మీరే చెప్పవచ్చు.

పాత రికార్డు కలుపుకోవాలంటే ఆభా యాప్‌లో దవాఖాన పేరు వెతకాలి, అది ఈ మిషన్‌లో చేరి ఉండాలి. యాప్ మీ పేరు, ఆడా మగా, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబర్ అక్కడికి పంపుతుంది. దవాఖాన సాఫ్ట్‌వేర్ తన ఖాతాల్లో వెతికి, దొరికితే ఓటీపీ పంపి లింక్ చేస్తుంది. పైన చెప్పిన చిక్కులన్నీ ఇక్కడ మళ్ళీ ఎదురవుతాయి చూశారా? పేరు స్పెల్లింగ్, జనవరి 1, ఇంటి ఫోన్. రిజిస్టర్ చేసినప్పుడు కొడుకు నంబర్ ఇచ్చి ఇప్పుడు తల్లి నంబర్‌తో వెతికితే దొరకకపోవచ్చు.

ఇంట్లో ఉన్న పాత కాగితాలను మనమే ఫోన్‌తో తీసి హెల్త్ లాకర్‌లో పెట్టుకునే వీలు కూడా ఉంది. అలాంటి కాగితాలకు హెల్త్ డాక్యుమెంట్ రికార్డు అని విడిగా ఒక రకమే పెట్టారు. ప్రిస్క్రిప్షన్, డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టు అని మిగతా రకాలు ఉన్నాయి. ఇది మంచి ఏర్పాటు. కానీ దవాఖాన ఖాతాలోనే వేరేవాళ్ళ పేజీలు కలిసి ఉంటే, ఆ తప్పు ఇప్పుడు ఒక్క దవాఖానతో ఆగదు. మీరు అనుమతి ఇచ్చిన ప్రతి డాక్టర్ దగ్గరకూ అదే పోతుంది. అందుకే లింక్ చేసే ముందు ఒకసారి ఏముందో చూసుకోవాలి.

ఆరోగ్యశ్రీ విషయంలో కూడా ఇదే. ముందస్తు అనుమతి కోసం దవాఖానవాళ్ళు మీ రిపోర్టులు స్కాన్ చేసి పంపుతారు. రిపోర్టు మీద పేరు ఒకలా, కార్డులో ఇంకోలా ఉంటే అక్కడ ప్రశ్న రావచ్చు. ఆరోగ్యమిత్ర ఉన్న కౌంటర్‌లోనే ముందుగా చూపించి అడగండి.

తప్పు పడితే ఎవరిని అడగాలి

కౌంటర్‌లో చెప్తే సరిపోదు. రికార్డు రూమ్‌కు, దవాఖాన సూపరింటెండెంట్ లేదా మేనేజర్‌కు రాసి ఇవ్వాలి. మీ యూహెచ్‌ఐడీ, తప్పుగా పడిన కాగితం తేదీ, అది మీది కాదని ఎలా తెలుస్తోంది, ఈ మూడూ రాస్తే చాలు. ఒక కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.

వాళ్ళు ఆ పేజీని పూర్తిగా చెరిపేయరు. చెరపకూడదు కూడా. అప్పటికే ఎవరో డాక్టర్ దాన్ని చూసి మందు రాసి ఉంటే, ఎందుకు రాశాడో తర్వాత తెలియాలి కదా. అకౌంట్స్‌లో తప్పు ఎంట్రీని రబ్బరుతో చెరపం, రివర్స్ ఎంట్రీ వేస్తాం. ఇక్కడ కూడా ఫైర్ పద్ధతిలో ఆ కాగితానికి "పొరపాటున చేర్చినది" అని గుర్తు పెట్టే ఏర్పాటు ఉంది. గుర్తు పెట్టాక డాక్టర్ స్క్రీన్ మీద అది మామూలు రిపోర్టులా కనిపించకూడదు. ఎవరు ఎక్కించారు, ఎవరు మార్చారు అన్నది వెనక రికార్డులో ఉండిపోతుంది.

మీ రికార్డు కాపీ అడగడం మీ హక్కు. డాక్టర్ల నడవడిక గురించి 2002లో మెడికల్ కౌన్సిల్ చేసిన నిబంధనల ప్రకారం, పేషెంట్ గానీ అతని తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లోగా కాగితాలు ఇవ్వాలి. అడ్మిట్ అయిన పేషెంట్ల రికార్డు మూడేళ్ళు ఉంచాలి. ఆ మూడేళ్ళ మాట గుర్తుంచుకోండి. తర్వాత అడిగితే లేదనవచ్చు, కాబట్టి డిశ్చార్జ్ అయిన రోజే కాపీ తీసుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో కూడా మన వివరాలు తప్పుగా ఉంటే సరిచేయించుకునే హక్కు పెట్టారు.

ఇంట్లో కాగితాలు దాచే విషయంలో రెండు మాటలు. ఈసీజీ పట్టీ, కొన్ని స్కానింగ్ ఫొటోలు థర్మల్ కాగితం మీద వస్తాయి. వేడి తగిలితే నల్లబడతాయి, ఊరికే ఉంచినా కొన్నాళ్ళకు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తారు కొందరు, ఆ వేడికి మొత్తం నల్లగా అయిపోతుంది. తెచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. ఫోన్‌తో తీసేటప్పుడు ఒక రిపోర్టుకు ఒక ఫైల్ చేయండి, పైన పేరు, వయసు, తేదీ ఉన్న భాగం కత్తిరించకండి. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే చిన్న అంకెలు మసకబారతాయి. అన్ని కాగితాలనూ ఒకే కట్టగా ఇవ్వకుండా డిశ్చార్జ్ సమ్మరీలు, అలర్జీ రాసిన కాగితం విడిగా ఇచ్చి, "వీటిని వేరేగా ఎక్కించండి" అని అడగండి. ఎక్కించాక స్క్రీన్ ఒకసారి మీ వైపు తిప్పమనండి. పేరు, వయసు, భర్త లేదా తండ్రి పేరు, కాగితం తేదీ చూసుకోడానికి నిమిషం చాలు. విసుక్కునేవాళ్ళు ఉంటారు, ఉండనివ్వండి.

మా ఖాలాకు ఆ రోజే మళ్ళీ రక్తం తీశారు. క్రియాటినిన్ 0.9 వచ్చింది, సీటీ స్కాన్ అయింది, పిత్తాశయంలో రాళ్ళని తేలింది. అలర్జీని కూడా టైప్ చేయించి గడిలో పెట్టించాం. అంతా అయ్యాక ఇంటికి బయలుదేరుతుంటే ఖాలా ఆటో ఎక్కకుండా నిలబడి అడిగింది. "ఆ మూడు కాగితాలు నావి కాదు సరే, మరి ఆ ముసలావిడ ఫైల్‌లో అవి లేనట్టే కదా? ఆమె డాక్టర్‌కు ఆమె కిడ్నీ సంగతి తెలుసా?"

మేమెవ్వరం అది ఆలోచించలేదు. నేను వెనక్కి వెళ్ళి రికార్డు రూమ్‌లో అదే మాట రాసి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. మూడు పేజీలు ఆమె నంబర్ కింద ఎక్కించామని, ఆమె ఇంటికి కూడా ఫోన్ చేసి కిడ్నీ డాక్టర్ దగ్గరకు రమ్మని చెప్పామని.